ఆట పెట్టి చూసే మనిషి

జనగామ నుంచి ఫోను చేసింది ఆయన దుకాణం పక్కన కుట్టుమిషను పెట్టుకున్న ఆమె. "టీచరమ్మా, కంప్యూటర్లన్న పోయిండు. పొద్దుగాల దుకాణం తెరిచి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు" అంది. ఇంకేదో కూడా చెప్పింది గానీ నాకు వినిపించలేదు. ఆ కుర్చీ కళ్ళ ముందుకొచ్చింది. ఒక చెయ్యి విరిగిపోయిన ప్లాస్టిక్ కుర్చీ అది. ఆ విరిగిన వైపే ఆయన మోచెయ్యి ఆనించబోయి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవాడు. నేనెరిగిన అన్నేళ్ళలో ఆ అలవాటు పోలేదు, కుర్చీ మారలేదు.

ఆయన పేరు రాయను. దుకాణం బోర్డు మీద కూడా ఆయన పేరు ఉండేది కాదు. 'ఇక్కడ కంప్యూటర్లు చూడబడును' అని మాత్రం రాయించుకున్నాడు. "చూడబడును ఏందన్నా, బాగుచేయబడును అని రాయించరాదా?" అని ఒకసారి అడిగాను. "చూసుడు నా చేతుల ఉన్నది చెల్లె. బాగయ్యేది కానిది దాని ఇష్టం" అన్నాడు. వేళాకోళానికి అన్నాడనుకున్నాను. ఆయన వేళాకోళమాడగా నేను ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు.

మాది మానుకోట. అప్పట్లో నా ఉద్యోగం బచ్చన్నపేట మండలంలో ఒక చిన్న ఊరి బడిలో. జనగామలో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఉద్యమం జోరు మీదున్న రోజులు. వారంలో ఒక రోజు బందు, ఒక రోజు రాస్తారోకో, మిగిలిన రోజుల్లో బడి. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే టైపు చేసుకుందామని పాత కంప్యూటరు కోసం ఆయన దగ్గరికి వెళ్ళాను.

"దీంతోని ఏం జేస్తవ్ చెల్లె?"

"ప్రశ్నపత్రాలు కొడతానన్నా."

"ఆటలు?"

"నాకెందుకన్నా ఆటలు?"

"నువ్వు ఆడకు. కని ఆట పెట్టి చూడంది నేను మిషిన్ ఇయ్య. రాసుడు ఏ ముసలి మిషినైన రాస్తది. ఆట లేసిందంటేనే దాంట్ల పానమున్నట్టు."

ఆ పరీక్షకు ఆయన దగ్గర ఒక క్రికెట్ ఆట ఉండేది. అది నడవాలంటే కంప్యూటరుకు ఎంత శక్తి ఉండాలో దాని అట్టపెట్టె మీదే రాసి ఉండేది. ఆయన దగ్గరికొచ్చే కంప్యూటర్లకు అందులో సగం కూడా ఉండేది కాదు. అవన్నీ హైదరాబాదులో ఏవో ఆఫీసుల్లో పనికిరావని తీసి పక్కన పెట్టినవి. అయినా వాటి మీదే ఆటను లేపేవాడు. ముందు అరచెయ్యి డబ్బా మీద పెట్టి, జ్వరమొచ్చిన పిల్లను అడిగినట్టు "ఏమేం మోస్తున్నవ్ బిడ్డా?" అనేవాడు. నా ముందే అలా అడిగితే నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. తెర మీది జలపాతం బొమ్మ, మూలనున్న గడియారం, ఎవరూ వాడని పది రకాల సామాను. తర్వాత మూత విప్పి, సైకిలు పంపుతో దుమ్ము కొట్టి, లోపలి ర్యాం ముక్కను ఊడదీసి, దాని పసుపుపచ్చ పళ్ళను బడిపిల్లలు వాడే రబ్బరుతో తుడిచాడు. నా బడి సంచిలోనే రబ్బరు ఉందంటే, "నీది సెంటు వాసనొస్తది, పనికిరాదు" అని తనది తీసుకున్నాడు.

అప్పటికీ ఆట లేవలేదు. లేవని ఆటను రాదనేవాడు కాదు, అలిగిందనేవాడు. అలిగిందంటే ఇక ఆటలోకే చెయ్యి పెట్టాలన్నమాట. ఆటగాళ్ళ నీడలు తీసేశాడు. గడ్డి తీసేసి ఉత్త ఆకుపచ్చ రంగు ఉంచాడు. చివరికి స్టేడియంలో కూర్చున్న జనాన్ని కూడా ఖాళీ చేయించాడు. "జనం లేకుంటే బంతి పడదా ఏంది? ఉన్నదాంట్లనే ఎల్లదియ్యాలె చెల్లె" అన్నాడు. ఒక్క మనిషి కూడా లేని మైదానంలో నీడలు లేని ఆటగాళ్ళు పదకొండు మంది నిలబడ్డారు. ఆయన ముఖం విచ్చుకుంది. సంబంధం కుదిరిన ఆడపిల్ల తండ్రి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

అంతా అయ్యాక మూత బిగించే ముందు ఇంకో పని చేసేవాడు. కంప్యూటరు తెరవగానే ఎవరి పేరు కనపడాలో ఆ పేరు పెట్టడం. కొనుక్కునేవాళ్ళ పేరు అడిగేవాడే కాదు. తెలుగు అక్షరాల్లో 'జై తెలంగాణ' అని పెట్టేసేవాడు. ఎవరికిచ్చినా అదే పేరు. ఒకే కంప్యూటరును రెండు మూడు పేర్లతో తెరుచుకోవచ్చు. మరమ్మతులూ ఆట పరీక్షా అన్నీ తను వేరే పేరులో చేసుకునేవాడు, మెకానిక్కులకని ఇంగ్లీషులో ఉండే పేరు అది. పని కాగానే దాన్ని కనపడకుండా మూసేసేవాడు. "మిస్త్రీ ఇల్లు కట్టినంక అండ్లనే ఉండడు గద" అనేవాడు.

ఆ పేరెందుకో ఒకసారి చెప్పాడు. ఏదో సామాను కోసం నగరంలో ఒక పెద్ద దుకాణానికి ఫోను చేశాడట. అది పంపండి అనడానికి మన మాటలో 'గది పంపుండ్రి' అన్నాడట. అవతలి మనిషి పక్కనున్నవాళ్ళకు వినిపించేలా ఫోను పెట్టి, మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అని నాలుగుసార్లు 'గది' అనిపించి నవ్వించాడట. "నాకు సమజయ్యేటాళ్ళకు నాలుగుసార్లు అననే అన్న చెల్లె. నవ్వుతున్నరని ఎరుకలేక మంచిగ చెప్పిన" అన్నాడు. ఆ మాట అంటూ రబ్బరుతో ర్యాం పళ్ళు తుడుస్తూనే ఉన్నాడు. నా కంప్యూటరు తెరిచినప్పుడల్లా ఆ అక్షరాలు చూస్తే గొప్పగానే ఉండేది. మా బడిలో ఇంకో ఇద్దరు టీచర్లు ఆ పేరు చూసే ఆయన దగ్గర కంప్యూటర్లు కొన్నారు.

ఇంతా చేసి ఆయనకు నినాదం ఇవ్వడం రాదు. మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి, చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్ళి గంటసేపు కూర్చునేవాడు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉండేది. అందరూ గొంతు చించుకుంటుంటే ఈయన 'జై తెలంగాణ' అని, ఇంట్లో భార్యను మంచినీళ్ళు అడిగినంత మెల్లగా అనేవాడు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళం చీర కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వేవాళ్ళం. ఎంత గట్టిగా అన్నామన్న దాన్ని బట్టి ఒకరినొకరం కొలుచుకునే రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

ఆయనకొక తమ్ముడు. పదేళ్ళు చిన్న. తండ్రి చిన్నప్పుడే పోతే ఈయనే పెంచాడు. వాళ్ళ ఊరు నేను పనిచేసే ఊరికి పక్కనే. తమ్ముడు ఊరి జట్టులో ఫాస్ట్ బౌలరు. అటు చిల్పూరు నుంచి ఇటు కొడకండ్ల దాకా ఎక్కడ క్రికెట్ పోటీలు పెట్టినా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళట. అతను బంతి వేయగా నేను చూడలేదు. నేను చూసేసరికి అతను మంచంలో ఉన్నాడు.

పెద్ద రోడ్డు మీద రాస్తారోకో జరిగిన రోజు, కల్వర్టు గోడ మీద నిలబడి జెండా ఊపుతున్నాడు. పోలీసు బండ్లు వస్తున్నాయని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారిగా అతని వైపు తోసుకొచ్చారు. గోడ మీంచి వెనక్కి, ఎండిపోయిన వాగులో రాళ్ళ మీద పడ్డాడు. నడుము విరిగింది. వరంగల్ దవాఖానలో నెలకు పైగా ఉంచి, ఇక చేసేదేం లేదని ఇంటికి పంపారు. నడుము కింద ఏదీ అతని మాట వినదు. చేతులు మాత్రం బాగున్నాయి.

"నీ బడికాడికెళ్ళి దగ్గర్నే చెల్లె. జర అప్పుడప్పుడు పొయ్యి మాట్లాడు. నేనొక్కన్నే పోతె ఏడుస్తడు" అన్నాడు ఆయన. బడి వదిలాక నేను వెళ్ళేదాన్ని. నన్ను చూస్తే అతను ఏడ్చేవాడు కాదు, చదువుకున్నన్ని రోజులూ లెక్కల టీచర్లు తనను ఎలా కొట్టారో చెప్పి నవ్వించేవాడు. ఒక సాయంత్రం అన్న కూడా అక్కడే ఉన్నాడు. అతను ఉన్నట్టుండి, "అన్నా, గా నీ క్రికెట్ పెట్టవా ఇంట్ల? చేతులున్నయ్ గద. బంతేస్త" అన్నాడు.

అన్నకు అంతకంటే ఏం కావాలి. పడకేసినప్పటి నుంచి తమ్ముడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దుకాణంలో మిగిలిన సామానుతో నాలుగు రోజుల్లో ఒక కంప్యూటరు కూర్చాడు. దుకాణంలో ఆట పెట్టి చూశాడు, లేచింది. అలవాటు ప్రకారం జై తెలంగాణ అని పేరు పెట్టాడు. తన మెకానిక్కు పేరు మూసేశాడు. డబ్బాను దుప్పట్లో చుట్టి బండి వెనక కట్టుకుని, గుంతల రోడ్డున నడిచినంత నెమ్మదిగా ఊరికి తెచ్చాడు. మంచం పక్కన పీట మీద పెట్టాడు. వాళ్ళ తల్లి, అవ్వ, దానికి బొట్టు పెట్టింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

ఆట మీద నొక్కగానే తెర నల్లగా అయింది. మరుక్షణం ఏమీ జరగనట్టు తెర మళ్ళీ మొదటికొచ్చింది. తప్పేమిటో చెప్పే ఒక్క మాట కూడా రాలేదు. అన్న పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ అంతే. అరచెయ్యి పెట్టి చూశాడు. మూత విప్పి రబ్బరు తీశాడు. నీడలు ముందే లేవు, జనం ముందే లేరు, ఇంకా దించడానికి ఏం మిగల్లేదు.

"అలిగింది తమ్మీ. రేపు తెస్త" అన్నాడు.

మర్నాడు దుకాణంలో మూత విప్పి, తన మెకానిక్కు పేరు తెరిచి ఆట నొక్కితే, పిలవగానే వచ్చినట్టు లేచింది. మళ్ళీ దుప్పటి, మళ్ళీ బండి, మళ్ళీ గుంతల రోడ్డు. ఇంట్లో లేవలేదు. ఆ తర్వాత వారంలోనూ అంతే.

"మిషిన్ గదే, ఆట గదే చెల్లె. దుకాణంల లేస్తాంది, ఇంట్ల లేస్తలేదు. ఏం మారింది?" అని నన్నడిగాడు. ఆయన తలెత్తి దూలానికి వేలాడుతున్న కరెంటు బుగ్గను చూశాడు. ఊళ్ళో కరెంటు వోల్టేజీ సరిపోక అది పొయ్యిలో ఆరబోయే నిప్పులా ఎర్రగా ఉంది. "కరెంటు" అన్నాడు. "గింతే. జనగామల జర మంచిగుంటది, ఈడ గీ ఎర్రబుగ్గ. మన కరెంటంత ఎటో పోతాంది, మనకేమో గిది. గీ కరెంటుతోని ఆట ఎట్ల లేస్తది?"

నేను నిజమే అన్నాను. వాళ్ళవ్వ నిజమే అంది. తమ్ముడూ నిజమే అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాటను కాదనేవాళ్ళు మా చుట్టుపక్కల ఒక్కరైనా ఉండేవారు కాదు. దీక్షా శిబిరంలో రోజూ మేం మాట్లాడుకునేది అదే. కరెంటు మాదీ, నీళ్ళు మావీ, మాకు మాత్రం రావు. ఆ కోపంలో అబద్ధం లేదు. కాబట్టి ఆట లేవకపోవడానికి కూడా అదే కారణమని నలుగురం నమ్మాం. అన్న వోల్టేజీ నిలబెట్టే డబ్బా ఒకటి తెచ్చి పెట్టాడు. లేవలేదు. కంప్యూటరులోకి కరెంటు పంపే డబ్బా మార్చాడు. లేవలేదు.

"ఊకో అన్నా, పరేషాన్ గాకు. రాష్ట్రమొస్తే కరెంటు మంచిగస్తది. గప్పుడు ఆడుత తియ్" అనేవాడు తమ్ముడు. ఓదార్చడానికే అన్నాడో, నిజంగా అనుకున్నాడో తెలియదు. డబ్బాను అన్న దుకాణానికి తీసుకుపోయినప్పుడల్లా కీబోర్డును మాత్రం తన దగ్గరే ఉంచుకునేవాడు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆ కీబోర్డు గుండెల మీద పెట్టుకుని, ఎదురు గోడ వైపు చూస్తూ మీటలు నొక్కుతున్నాడు. దాని తీగ మంచం మీంచి కిందికి ఉత్తగా వేలాడుతోంది. ఏ మీట నొక్కితే బంతి ఎలా పడుతుందో ఆట అట్టపెట్టె మీద చదివి గుర్తుపెట్టుకున్నాడట. "అలవాటు జేసుకుంటున్న టీచరమ్మా. లేసిన్నాడు తడుముకోవద్దు గద" అన్నాడు. గోడ వైపు చూసి మళ్ళీ ఒక మీట నొక్కి, "ఔట్" అన్నాడు. వాళ్ళవ్వ నన్ను వాకిట్లోకి పిలిచి మెల్లగా అడిగింది, "బిడ్డా, గా డబ్బ ఎన్నడు మంచిగైతది? వాని పుండ్లు మానుతలెవ్వు." వీపున పడక పుండ్లు లోతుగా అయ్యాయని అప్పుడే తెలిసింది. నాకు ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. వచ్చే వారం అయిపోతుందవ్వా అన్నాను.

ఆ తర్వాత సమ్మె మొదలైంది. బడులు మూశాం, బస్సులు ఆగాయి. నేను మానుకోట వెళ్ళిపోయి అక్కడి శిబిరంలో కూర్చున్నాను. తిరిగి జనగామ వచ్చేసరికి తమ్ముడు పోయి పదిహేను రోజులైంది. పుండ్లు చీము పట్టి జ్వరమొచ్చిందట. దుకాణంలో అన్న విరిగిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆ కంప్యూటరు లేదు. నేను ఏడిస్తే ఆయనే నాకు మంచినీళ్ళిచ్చాడు. "మూడు నెలలు నా మిషిన్ అలిగింది చెల్లె" అన్నాడు.

రెండేళ్ళకు నాకు భూపాలపల్లి బదిలీ అయింది. అక్కడి బడిలో దాతలెవరో ఇచ్చిన కంప్యూటర్లు నాలుగుండేవి. మా పిల్లలు ఒక దాంట్లో తరగతి పేరును తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నారు. కూడికలు నేర్పే ఆట ఒకటి మిగిలిన మూడింటిలో లేచేది. ఆ ఒక్క దాంట్లో మాత్రం తెర నల్లగా అయి మళ్ళీ మొదటికొచ్చేది. ఆ నలుపు నేను ముందు చూసిందే. అక్కడ కరెంటుకు ఏ లోటూ లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కటే మార్చి చూశాను. చివరికి ఆ కంప్యూటరులోనే ఇంగ్లీషు అక్షరాల్లో కొత్త పేరు ఒకటి పెట్టి, అందులోంచి ఆట నొక్కాను. లేచింది. కొన్ని పాత ఆటలు తమ లెక్కలన్నీ మన పేరుతో ఉన్న అరలో దాచుకోవాలనుకుంటాయి. ఆ అర పేరు ఇంగ్లీషులో లేకపోతే వాటికి చదవరాదు. చెప్పాపెట్టకుండా పడిపోతాయి. ఇంతే సంగతి.

కరెంటు కాదు. జై తెలంగాణ అన్న ఆ పేరు. ఆయన దుకాణంలో మెకానిక్కు పేరుతో చూసినప్పుడు లేచి, ఇంట్లో ఈ పేరుతో తెరిస్తే పడిపోయేది. నిమిషం పని. ఆ నిమిషం పని తెలియక ఒక పిల్లాడు గోడకు బంతులు వేసుకుంటూ పోయాడు. పిల్లలందరి ముందూ నేను ఏడ్చాను. ఏమైంది టీచర్ అని వాళ్ళు అడిగారు.

ఆయనకు చెప్పాలా వద్దా అని ఏడాది పాటు తన్నుకులాడాను. చెప్పకపోతే ఇంకెంతమంది ఇళ్ళల్లో ఆటలు లేవక కరెంటును తిట్టుకుంటుంటారో. పైగా తప్పెక్కడుందో తెలుసుకోకుండా ఉండగలిగే మనిషి కాడు ఆయన. చెబితే మాత్రం తమ్ముడికి ఆ మూడు నెలలు దక్కకుండా చేసింది తన చెయ్యేనని తెలుస్తుంది. తను ప్రేమగా పెట్టిన పేరేనని తెలుస్తుంది. ఉత్తరం రాసి చింపేశాను. ఫోను చేసి, బాగున్నారా అని అడిగి పెట్టేశాను. రాష్ట్రం వచ్చింది. ఆ వేసవి సెలవుల్లో ఇక లాభం లేదని జనగామ బస్సెక్కాను. చెబుదామనే వెళ్ళాను.

ఊరంతా తోరణాలు. దుకాణంలో చిల్పూరు దగ్గరి నుంచి వచ్చిన రైతు ఒకాయన, కూతురి చదువు కోసం కంప్యూటరు కొంటున్నాడు. అన్న జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, "కూసో చెల్లె, గీ ఒక్కటి అయిపోతాంది" అన్నాడు. కూర్చున్నాను. ఆట పెట్టి చూశాడు. లేచింది. జై తెలంగాణ అని పేరు పెట్టాడు. నా గొంతులో మాట తయారుగా ఉంది. ఆయన మూత బిగించలేదు. దాని కింద ఇంకో పేరు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కో అక్షరం చూసుకుంటూ. అది తమ్ముడి పేరు.

"గీ రెండో పేరు ఎవలిదన్నా?" అని అడిగాడు రైతు.

"మా తమ్మునిది. పోరి ఆటలాడుతనంటే దీంట్లకెళ్ళి పొమ్మను. మీద ఉన్న పేర్ల ఆటలు లేవయ్."

రైతు తలూపి, కంప్యూటరు ఆటోలో పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అన్న నా ముఖం వైపు చూశాడు.

"నీక్కూడ దొరికిందా?" అన్నాడు.

తలూపాను.

"నాకు తమ్ముని దినాలైన మర్నాడు దొరికింది. డబ్బ ఇంట్లకెళ్ళి తేబోయిన. ఊకెనే వాని పేరు పెట్టి చూసిన. గా ఎర్రబుగ్గ కిందనే లేసింది చెల్లె. కరెంటును ఉత్తగనే తిట్టిన."

"మరి మొదటి పేరు ఇంక ఎందుకన్నా?"

"గది తీసేస్తే వాడు దేనికి పడ్డట్టు?"

ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఆట లేచాక ఏం చేశావన్నా అని అడిగాను.

"ఏం జేస్త? చూసుకుంట కూసున్న. బంతెయ్యిమని అడుగుతాంది, ఎంతసేపటికి గదే అడుగుతాంది" అన్నాడు. "నాకు ఆడరాదు గద చెల్లె."